గడువు తీరిన సెషన్లను ఎవరు తుడుస్తారు?

వెబ్ సర్వర్లలో యూజర్ సెషన్ల (లాగిన్ అయినవారిని సర్వర్ గుర్తుపెట్టుకునే రికార్డుల) గురించి ఈ నెల చాలా ప్రశ్నలొచ్చాయి. ఒకరికి లాగిన్ తొందరగా పోతోంది, ఒకరికి ఎంతకీ పోవడం లేదు, ఇంకొకరికి డిస్క్ నిండిపోయింది. పైకి వేర్వేరు కష్టాల్లా కనిపిస్తున్నా వీటన్నిటి వేరూ ఒకే చోట ఉంది. సెషన్ గడువు తీరడం ఒక పని, గడువు తీరినదాన్ని తుడిచేయడం మరో పని. రెండూ ఒకటే అనుకుని సెట్టింగులు పెట్టుకుంటే చిక్కులు తప్పవు. అందుకే అన్నిటికంటే మౌలికమైన ప్రశ్నను ముందు తీసుకుంటున్నాం.

ప్రశ్న: సెషన్ టైమౌట్ 30 నిమిషాలు అంటారు కదా. నేను ట్యాబ్ మూసేసి వెళ్లిపోయానని సర్వర్‌కి ఎలా తెలుస్తుంది? 30 నిమిషాలు దాటగానే నా సెషన్ దానంతటదే చెరిగిపోతుందా?
– బీటెక్ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: తెలియదు. మీరు ట్యాబ్ మూసినా, కరెంటు పోయినా, ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా సర్వర్‌కి ఏ కబురూ అందదు. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే హెచ్‌టీటీపీలో ఏ రిక్వెస్టు దానికదే. ఇందాక వచ్చినవాళ్లే మళ్లీ వచ్చారని గుర్తుపట్టే ఏర్పాటు ఆ ప్రొటోకాల్‌లో మొదట లేదు. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటూలీ కుకీని తెచ్చింది ఈ లోటు పూడ్చడానికే.

గుడి బయట చెప్పుల స్టాండు గుర్తుచేసుకోండి. మీ చేతిలో ఉన్న టోకెన్ కుకీ. అరలో ఉన్న చెప్పులు సర్వర్ దగ్గరున్న సెషన్ డేటా. టోకెన్ మీద నంబరు తప్ప మరేమీ ఉండదు, కుకీలో కూడా అంతే, పొడవాటి సెషన్ నంబరు ఒక్కటే ఉంటుంది. మీరు వెనక గేటు నుంచి ఆటో ఎక్కి వెళ్లిపోతే స్టాండులో ఉన్నతనికి తెలిసే దారి లేదు. అతను చేయగలిగింది ఒక్కటే, టోకెన్ ఇచ్చిన టైము రాసిపెట్టుకోవడం. సర్వర్ కూడా ప్రతి సెషన్‌కూ మీరు చివరిసారి కనిపించిన టైము రాసుకుంటుంది. మీ నుంచి రిక్వెస్టు వచ్చినప్పుడల్లా ఆ టైమును ముందుకు జరుపుతుంది.

ఇక్కడి నుంచి రెండు పనులున్నాయి. మొదటిది, మీ టోకెన్ మళ్లీ వచ్చినప్పుడు ‘ఇప్పటి టైములోంచి చివరి టైము తీసేస్తే 30 నిమిషాలు దాటిందా’ అని చూడడం. దాటితే డేటా అరలో ఉన్నా సరే ఇవ్వకూడదు, మళ్లీ లాగిన్ అవ్వమనాలి. రెండోది, ఎవరూ అడగడానికి రాని అరలను ఎప్పటికప్పుడు ఖాళీ చేయడం. మొదటిది భద్రతకు సంబంధించిన పని, ప్రతి రిక్వెస్టులోనూ జరిగి తీరాలి. రెండోది ఊడ్చే పని, పది నిమిషాలు ఆలస్యమైనా ప్రమాదం లేదు, కానీ నెలల తరబడి జరగకపోతే సర్వర్ కూలుతుంది.

ఈ ఊడ్చే పనిని ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా చేస్తుంది. పీహెచ్‌పీ వచ్చిపోయే రిక్వెస్టుల్లో అప్పుడప్పుడూ ఒకదాని చేత ఊడ్పిస్తుంది. జావా సైట్లను నడిపే టామ్‌క్యాట్‌కి తెరవెనక ఆ పనికే తిరిగే థ్రెడ్ ఉంది. డేటాను మెమరీలో దాచే రెడిస్‌లో ప్రతి కీకీ (డేటాకు పెట్టే పేరుకు) దాని ఆయుష్షును దానితోనే రాసిపెట్టవచ్చు. పైథాన్‌తో సైట్లు కట్టే జాంగో డేటాబేస్ సెషన్లను మాత్రం మీరు చెబితే తప్ప ఎవరూ ఊడ్వరు. నోడ్.జేఎస్ సైట్లలో వాడే ఎక్స్‌ప్రెస్-సెషన్‌తో వచ్చే మెమరీస్టోర్ అయితే మెమరీ లీకవుతుందనీ, నిజమైన సైట్‌కి వాడొద్దనీ తానే హెచ్చరిక చూపిస్తుంది. మొదలుపెట్టగానే లాగ్‌లో కనిపించే ఆ వరుసను చాలామంది చూసీ వదిలేస్తారు. వదిలేయకండి.

ప్రశ్న: మా సైట్ పీహెచ్‌పీలో ఉంది. నా ల్యాప్‌టాప్‌లో గంటన్నర వదిలేసి వచ్చినా లాగిన్ అలాగే ఉంటోంది. ఉబుంటు సర్వర్‌లో మాత్రం కోడ్‌లో 8 గంటలు పెట్టినా అరగంటకో ముప్పావుగంటకో పోతోంది. ఒకే కోడ్ రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకుంటుంది?
– వెబ్ డెవలపర్, గుంటూరు

జవాబు: రెండింటికీ కారణం జీసీ అనే చెత్త ఏరివేత పద్ధతే, కాకపోతే రెండు చోట్లా అది రెండు రకాలుగా నడుస్తోంది.

ముందు ల్యాప్‌టాప్ సంగతి. పీహెచ్‌పీలో సెషన్.జీసీ_మ్యాక్స్‌లైఫ్‌టైమ్ డిఫాల్ట్‌గా 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. పేరు చూసి ‘24 నిమిషాలకి సెషన్ పోతుంది’ అనుకుంటారు. నిజానికి దాని అర్థం ‘24 నిమిషాలు దాటిన ఫైలును చెత్త కింద లెక్కపెట్టవచ్చు’ అని మాత్రమే. ఏరివేత ఎప్పుడు జరగాలో జీసీ_ప్రాబబిలిటీ, జీసీ_డివైజర్ అనే మరో రెండు సెట్టింగులు చెబుతాయి. డిఫాల్ట్ 1, 100. అంటే సెషన్ తెరిచే ప్రతి వంద రిక్వెస్టుల్లో సగటున ఒకటి ఊడుస్తుంది. పీహెచ్‌పీతో పాటు ఇచ్చే ఇని (సెట్టింగుల) ఫైళ్లలో డివైజర్ 1000 ఉంటుంది, అప్పుడు వెయ్యికి ఒకటి. మీ ల్యాప్‌టాప్‌లో వాడేది మీరొక్కరే. గంటన్నర తర్వాత వచ్చి పేజీ తెరిస్తే ఆ రిక్వెస్టుకు ఊడ్చే వంతు రావడం అరుదు. పైగా ఫైలు చదివేటప్పుడు పీహెచ్‌పీ దాని వయసు చూడదు, ఉంటే ఇచ్చేస్తుంది. అందుకే మీ లాగిన్ బతికే ఉంది.

ఇక ఉబుంటు. డెబియన్, ఉబుంటు ప్యాకేజీల్లో జీసీ_ప్రాబబిలిటీని 0 చేసి పెడతారు. పీహెచ్‌పీ తనంత తాను ఎప్పుడూ ఊడ్వదు. దానికో కారణం ఉంది. సెషన్ ఫైళ్లుండే /వార్/లిబ్/పీహెచ్‌పీ/సెషన్స్ ఫోల్డర్‌కి 1733 అనే పర్మిషన్ ఉంటుంది. అందులో ఎవరైనా ఫైలు పెట్టవచ్చు, కానీ రూట్ (సర్వర్ అడ్మిన్ ఖాతా) తప్ప ఎవరూ లోపల ఏమేం ఉన్నాయో జాబితా తీయలేరు. ఒకరి సెషన్ నంబర్లు ఇంకొకరు చూడకుండా చేసిన జాగ్రత్త అది. జాబితా తీయలేని పీహెచ్‌పీ ఊడ్వలేదు. ఆ పని సెషన్‌క్లీన్ అనే స్క్రిప్టుకు అప్పగించారు. అది ప్రతి గంటా 9వ నిమిషంలో ఒకసారి, 39వ నిమిషంలో ఒకసారి నడుస్తుంది.

మీ చిక్కు ఇక్కడుంది. ఆ స్క్రిప్టు గడువును పీహెచ్‌పీ.ఇని నుంచి, దాని పక్కనున్న కాన్ఫ్.డీ ఫైళ్ల నుంచి చదువుతుంది. మీరు కోడ్‌లో ఇని_సెట్‌తో రాసిన 28800 (8 గంటలకు సెకన్లు) దాని కంటికి కనపడదు. పీహెచ్‌పీని నడిపించే ఎఫ్‌పీఎం తాలూకు పూల్ ఫైల్లో రాసినా కనపడదు. దానికి తెలిసింది 1440 ఒక్కటే. అరగంటకోసారి వచ్చి 24 నిమిషాలు దాటినవన్నీ తీసేస్తుంది కాబట్టి, వాడకుండా వదిలేసిన మీ సెషన్ 24 నుంచి 54 నిమిషాల మధ్య ఎప్పుడైనా పోవచ్చు. అరగంటకో ముప్పావుగంటకో అని మీరు రాసింది ఈ లెక్కలోకే వస్తోంది.

సరిచేయడానికి, సర్వర్ వాడే ఎస్‌ఏపీఐ (పీహెచ్‌పీని వెబ్ సర్వర్‌తో కలిపే భాగం) తాలూకు ఇని ఫైల్లో (ఎఫ్‌పీఎం అయితే దాని ఫోల్డర్లోనిది) జీసీ_మ్యాక్స్‌లైఫ్‌టైమ్‌ను 28800 చేసి ఎఫ్‌పీఎంను రీలోడ్ చేయండి. సెషన్.కుకీ_లైఫ్‌టైమ్ డిఫాల్ట్ 0, అంటే బ్రౌజర్ మూసేదాకా. అది మీకు సరిపోతే ముట్టుకోవద్దు.

కానీ ఇంతటితో ఆగితే సగం పనే. ‘8 గంటలు దాటితే లోపలికి రానివ్వకు’ అనే నియమం మీ కోడ్‌లోనే ఉండాలి. సెషన్ తెరిచిన వెంటనే లోపల దాచిన చివరి టైమును ఇప్పటి టైముతో పోల్చండి. దాటితే సెషన్_డెస్ట్రాయ్ పిలిచి, కుకీని కూడా పాత తేదీతో పంపి చెరిపేయండి. సెషన్_డెస్ట్రాయ్ ఒక్కటే కుకీని తీయదు. దాటకపోతే చివరి టైమును ఇప్పటి టైముగా మార్చండి. ఈ నాలుగు వరుసలు రాసుకున్నాక ఊడ్చే స్క్రిప్టు ఎప్పుడొచ్చినా మీ భద్రత దానిమీద ఆధారపడదు.

ఇంకో జాగ్రత్త. ఒకే సర్వర్‌లో రెండు అప్లికేషన్లు ఒకే సెషన్ ఫోల్డర్‌ను వాడుతూ, ఊడ్చే పని పీహెచ్‌పీయే చేస్తుంటే, రెండింటిలో తక్కువ గడువు ఉన్నదే అందరికీ వర్తిస్తుంది. పక్క సైట్ జీసీ మీ ఫైళ్లను కూడా ఏరేస్తుంది. సేవ్_పాత్‌ను (సెషన్ ఫైళ్లు దాచే చోటును) వేరు చేసుకోండి. అయితే అలా వేరు చేసినవాళ్లకు ఎదురయ్యే కష్టమే తర్వాతి ప్రశ్న.

ప్రశ్న: సర్వర్ ‘డివైస్‌లో చోటు లేదు’ అంటోంది. డిస్క్‌లో చోటు చూపే డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే సగానికి పైగా ఖాళీ ఉంది. ఎవరూ లాగిన్ కాలేకపోతున్నారు. సెషన్ల కోసం మేం వేరే ఫోల్డర్ పెట్టుకున్నాం. అందులో ఫైళ్ల జాబితా కోసం ఎల్ఎస్ కొడితే టెర్మినల్ కదలడం లేదు.
– సిస్టమ్ అడ్మిన్, హనుమకొండ

జవాబు: డీఎఫ్‌కి ‘-ఐ’ చేర్చి కొట్టండి. వాడకం నూరు శాతం చూపిస్తే అయిపోయింది డిస్క్ కాదు, ఐనోడ్లు (ఫైలు వివరాలు రాసుకునే గళ్లు). ప్రతి ఫైలుకూ, అది ఎంత చిన్నదైనా, ఒక ఐనోడ్ కావాలి. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసేటప్పుడు మామూలుగా ప్రతి 16 కేబీలకు ఒకటి చొప్పున ఐనోడ్లు కేటాయిస్తుంది. 20 జీబీ డిస్క్‌కి సుమారు 13 లక్షలు. ఆ లెక్క తర్వాత పెరగదు.

అన్ని ఫైళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చెప్పవచ్చు. మీ ఫోల్డర్‌ను కోడ్‌లోనో పూల్ ఫైల్లోనో పెట్టి ఉంటారు. సెషన్‌క్లీన్ స్క్రిప్టుకు దాని సంగతి తెలియదు. పీహెచ్‌పీ సొంత జీసీ 0లో ఉంది. అంటే ఆ ఫోల్డర్‌ను పెట్టిన రోజు నుంచి ఎవరూ ఊడ్వలేదు. సేవ్_పాత్‌లో సబ్‌ఫోల్డర్ల లోతును అంకెతో రాసుకున్నా ఇదే జరుగుతుంది. అంకె 0 కంటే ఎక్కువైతే పీహెచ్‌పీ ఆటోమేటిక్‌గా ఊడ్వదు.

మనుషులు మాత్రమే వస్తే ఇన్ని ఫైళ్లు అంత తొందరగా చేరవు. ఎక్కువ భాగం కుకీ దాచుకోని యంత్రాలవి. రిక్వెస్టులను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ 5 సెకన్లకోసారి ‘బతికున్నావా’ అని హోమ్‌పేజీని అడుగుతుందనుకోండి. ఆ పేజీ సెషన్ తెరిస్తే ప్రతిసారీ కొత్త ఫైలు పుడుతుంది. రోజుకు 17,280. ఒక్క దీనితోనే 13 లక్షల ఐనోడ్లు 76 రోజుల్లో అయిపోతాయి. ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లకు కూడా ఐనోడ్లు కావాలి కాబట్టి ఇంకా ముందే అయిపోతాయి. సెర్చ్ ఇంజిన్ బాట్లు దీనికి అదనం.

ఇప్పుడు చేయాల్సింది. తుడిచే కమాండ్ ఆర్ఎమ్‌కి సెస్_* (పీహెచ్‌పీ సెషన్ ఫైళ్ల పేర్లన్నీ) ఇచ్చి కొట్టకండి, ‘ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్’ అని తిప్పికొడుతుంది. ఎల్ఎస్ కూడా వద్దు, అన్ని పేర్లనూ చదివి వరుసలో పేర్చాకే చూపిస్తుంది కాబట్టి అలా నిలబడిపోతుంది. ఫైండ్ కమాండ్ వాడండి. ఆ ఫోల్డర్ ఇచ్చి, టైప్ ఎఫ్ అని, పేరు సెస్_* అని, ఎమ్‌మిన్ +1440 అని, చివర డిలీట్ అని ఇవ్వండి. ఎమ్‌మిన్ నిమిషాల్లో లెక్క, కాబట్టి 1440 అంటే ఇక్కడ ఒక రోజు. పీహెచ్‌పీ సెట్టింగులోని 1440 సెకన్లతో కలపకండి. డిలీట్ అనే మాట తప్పనిసరిగా అన్నిటికంటే చివర ఉండాలి. ముందు రాస్తే షరతులు చూడకముందే అన్నీ పోతాయి. మొదటిసారి డిలీట్ బదులు ప్రింట్ పెట్టి, పైప్‌తో హెడ్‌కి పంపి, పది పేర్లు కళ్లతో చూసుకోండి. సైట్ నడుస్తుండగా చేస్తుంటే ఐయోనైస్‌తో ఐడిల్ తరగతిలో నడిపిస్తే మిగతా పనులు కుంటుపడవు.

అంతా ఖాళీ అయ్యాక కూడా ఆ ఫోల్డర్ నెమ్మదిగానే ఉంటుంది. ఎక్స్‌టీ4లో ఫైళ్లు పోయినా ఫోల్డర్ సొంత సైజు తగ్గదు. స్టాట్ కొడితే పదుల ఎంబీలు చూపించవచ్చు. కొత్త ఫోల్డర్ చేసి, పాతదానికున్న ఓనర్‌నీ పర్మిషన్లనూ దానికీ పెట్టి, మిగిలిన ఫైళ్లను అందులోకి జరిపి, పేర్లు మార్చేయండి.

మళ్లీ నిండకుండా అదే ఫైండ్‌ను మీ గడువు కంటే కాస్త ఎక్కువ నిమిషాలతో అరగంటకోసారి నడిచేలా క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపే ఏర్పాటులో) పెట్టండి. హెల్త్‌చెక్‌కి (ఆ ‘బతికున్నావా’ ప్రశ్నకు) సెషన్ తెరవని చిన్న పేజీ విడిగా ఇవ్వండి. లాగిన్ అవసరం లేని పేజీల్లో సెషన్_స్టార్ట్ తీసేయండి. ఈ చివరి రెండూ చేస్తే ఊడ్వాల్సిన చెత్తే తగ్గిపోతుంది. మా ఉద్దేశంలో క్రాన్ కంటే ముందు చేయాల్సింది ఇదే.

ప్రశ్న: టామ్‌క్యాట్‌లో సెషన్ టైమౌట్ 30 నిమిషాలే. అయినా ఆఫీసులో రాత్రంతా తెరిచి వదిలేసిన పేజీలు పొద్దున కూడా లాగిన్‌లోనే ఉంటున్నాయి. టామ్‌క్యాట్ గడువు తీరినవాటిని తీయడం లేదా?
– జావా డెవలపర్, హైదరాబాద్

జవాబు: తీస్తుంది. ఇంజిన్ తాలూకు బ్యాక్‌గ్రౌండ్ పని 10 సెకన్లకోసారి నడుస్తుంది. సెషన్ మేనేజర్‌లో ప్రాసెస్‌ఎక్స్‌పైర్స్‌ఫ్రీక్వెన్సీ 6 ఉంటుంది కాబట్టి ఆరుసార్లకు ఒకసారి, అంటే నిమిషానికోసారి, గడువు తీరినవాటిని ఏరుతుంది. ఈలోగా ఎవరైనా ఆ నంబరుతో వస్తే అప్పటికప్పుడు చూసి చెల్లదంటుంది. పీహెచ్‌పీ ఫైళ్లకు లేని జాగ్రత్త ఇక్కడ ఉంది.

మీ దగ్గర సెషన్‌కు గడువే తీరడం లేదు. ముందు వెబ్.ఎక్స్ఎమ్ఎల్‌లో అంకె చూడండి. సెషన్-టైమౌట్ నిమిషాల్లో ఉంటుంది. కోడ్‌లో పిలిచే సెట్‌మ్యాక్స్‌ఇన్‌యాక్టివ్‌ఇంటర్వెల్ సెకన్లలో ఉంటుంది. సెకన్లనుకుని ఎక్స్ఎమ్ఎల్‌లో 1800 రాస్తే 30 గంటలవుతుంది. నిమిషాలనుకుని కోడ్‌లో 30 రాస్తే అర నిమిషంలో లాగిన్ పోతుంది. రెండు తప్పులూ తరచుగా కనిపించేవే.

అంకె సరిగ్గానే ఉంటే బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌ను రెండు నిమిషాలు చూడండి. మౌస్ ముట్టకపోయినా 30 సెకన్లకోసారి ఒక రిక్వెస్టు వెళ్తుంటే దొంగ దొరికినట్టే. కొత్త నోటిఫికేషన్ల కోసం పేజీ తనంత తాను అడుగుతూ ఉంటుంది. సర్వర్ దృష్టిలో అదీ యూజర్ రాకే, చివరి టైము ముందుకు జరుగుతూనే ఉంటుంది. మనిషి ఇంటికెళ్లి భోంచేసి పడుకున్నా పేజీ మాత్రం హాజరు వేయిస్తూనే ఉంటుంది.

దీనికి మందు ఫిల్టర్‌లో (ప్రతి రిక్వెస్టూ ముందుగా దాటే కోడ్‌లో) ఉంది. మనిషి చేసిన పనికి మాత్రమే మారే మీ సొంత టైమ్‌స్టాంపును సెషన్‌లో దాచండి. నోటిఫికేషన్ యూఆర్ఎల్‌కి దాన్ని మార్చకండి, కానీ ఆ యూఆర్ఎల్ వచ్చినప్పుడు కూడా పోల్చి చూడండి. 30 నిమిషాలు దాటితే ఇన్‌వాలిడేట్ పిలిచి 401 (లాగిన్ కావాలనే జవాబు) పంపండి. పేజీలోని స్క్రిప్టు 401 చూడగానే అడగడం ఆపేసి లాగిన్ పేజీకి తీసుకెళ్లాలి. ఆపకపోతే రాత్రంతా 401లతో లాగ్ నిండుతుంది.

జేఎస్‌పీ (జావాతో రాసే) పేజీలు మీరు అడగకపోయినా సెషన్ సృష్టిస్తాయని చాలామంది గమనించరు. పేజ్ డైరెక్టివ్‌లో సెషన్ విలువ ఫాల్స్ అని రాస్తేనే ఆగుతాయి. కుకీ దాచుకోని బాట్ సెకనుకు 20 పేజీలు లాగితే 30 నిమిషాల గడువులో 36,000 సెషన్లు ఒకేసారి మెమరీలో ఉంటాయి. ఒక్కోదానిలో 50 కేబీ ఉన్నా దాదాపు 1.7 జీబీ. టామ్‌క్యాట్‌లో క్రాలర్‌సెషన్‌మేనేజర్‌వాల్వ్ అనేది ఉంది, ఒకే బాట్ రిక్వెస్టులన్నిటినీ ఒకే సెషన్‌కు కట్టేస్తుంది. సర్వర్ ఇప్పటికే బరువెక్కి ఉంటే మేనేజర్ పేజీలో ఇన్ని నిమిషాలకు పైగా ఖాళీగా ఉన్నవాటిని ఎక్స్‌పైర్ చేయమనే బటన్ ఉంటుంది, తక్షణ ఉపశమనానికి అది చాలు.

ప్రశ్న: జాంగోలో జాంగో_సెషన్ టేబుల్ కోటి వరుసలు దాటింది. రోజువారీ యూజర్లు వేలల్లోనే ఉన్నారు. పాతవాటిని తుడిచే క్లియర్‌సెషన్స్ కమాండ్ నడిపితే గంటైనా పూర్తికాక ఆపేశాం.
– బ్యాకెండ్ ఇంజినీర్, విశాఖపట్నం

జవాబు: జాంగో డేటాబేస్ సెషన్లను తనంత తాను ఎప్పుడూ ఊడ్వదు. లాగౌట్ నొక్కినవాళ్ల వరుస మాత్రం పోతుంది. నొక్కకుండా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ కాబట్టి టేబుల్ పెరుగుతూ పోతుంది. క్లియర్‌సెషన్స్‌ను మొదటి రోజు నుంచే రోజూ తెల్లవారుజామున క్రాన్‌లో పెట్టి ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు. సెషన్లను క్యాష్‌లోనూ డేటాబేస్‌లోనూ దాచే క్యాష్‌డ్_డీబీ బ్యాకెండ్ వాడేవాళ్లకూ ఇది అవసరమే, అందులో కూడా డేటాబేస్ వరుసలు ఉంటాయి.

లోపలికి రానివ్వడంలో మాత్రం జాంగో కచ్చితంగా ఉంటుంది. వరుస చదివేటప్పుడే ఎక్స్‌పైర్_డేట్ చూస్తుంది, దాటితే లేనట్టే లెక్క. యూజర్ పాస్‌వర్డ్ మార్చితే అతని మిగతా బ్రౌజర్లలోని లాగిన్లు కూడా చెల్లకుండా పోతాయి. వాటి వరుసలు మాత్రం ఆ బ్రౌజర్లు మళ్లీ వచ్చేదాకా టేబుల్‌లోనే పడి ఉంటాయి. మీ కోటి వరుసల వల్ల భద్రతకు ముప్పు లేదు, బరువే సమస్య.

క్లియర్‌సెషన్స్ గడువు తీరినవాటన్నిటినీ ఒకే డిలీట్‌తో తీయాలని చూస్తుంది. కోటి వరుసలకు అది పెద్ద ట్రాన్సాక్షన్. మైఎస్‌క్యూఎల్‌లో మధ్యలో ఆపితే చేసిందంతా వెనక్కి తిప్పడానికి మళ్లీ అంత సమయం పడుతుంది. ముక్కలు చేయండి. మైఎస్‌క్యూఎల్ అయితే ఎక్స్‌పైర్_డేట్ వరుసలో లిమిట్ 5000 పెట్టి డిలీట్, ఒక సెకను విరామం, మళ్లీ డిలీట్. పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్‌కి లిమిట్ ఉండదు, 5000 సెషన్_కీలను లోపలి సెలెక్ట్‌తో తెచ్చి వాటిని తీయాలి. ఎక్స్‌పైర్_డేట్‌కి ఇండెక్స్ జాంగోయే వేసి ఉంటుంది. తీశాక డిస్క్ వెంటనే ఖాళీ కాదు. మైఎస్‌క్యూఎల్‌లో ఆప్టిమైజ్ టేబుల్ కొట్టాలి, అది కొత్త కాపీ కడుతుంది కాబట్టి అంత చోటు ముందే ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌లో వ్యాక్యూమ్ ఆ చోటును మళ్లీ వాడుకోనిస్తుంది, ఓఎస్‌కి తిరిగివ్వాలంటే వ్యాక్యూమ్ ఫుల్ కావాలి, అది నడిచినంతసేపు టేబుల్‌ను ఎవరూ ముట్టలేరు. అందరూ ఒకసారి మళ్లీ లాగిన్ అయితే ఫర్వాలేదనుకుంటే రాత్రిపూట టేబుల్ మొత్తాన్ని ఖాళీ చేసే ట్రంకేట్ ఒక్కటి చాలు, క్షణాల్లో తేలిపోతుంది. సెషన్‌లో బుట్టలూ సగం నింపిన ఫారాలూ లేకపోతే మేం ఇదే సూచిస్తాం.

తర్వాత ఇన్ని వరుసలు ఎలా పుట్టాయో చూడండి. జాంగో ఖాళీ సెషన్‌ను దాచదు, ఏదైనా రాసినప్పుడే వరుస పుడుతుంది. లాగిన్ కానివాళ్లకు కూడా భాష ఎంపికో, వచ్చిన లింకో సెషన్‌లో రాసే మిడిల్‌వేర్ మీ దగ్గర ఉండి ఉంటుంది. దాన్ని మామూలు కుకీలోకి మార్చండి. డిఫాల్ట్ గడువు 12,09,600 సెకన్లు, అంటే రెండు వారాలు. అది చివరిసారి వాడినప్పటి నుంచి కాదు, చివరిసారి సెషన్‌లో ఏదైనా మారినప్పటి నుంచి. రోజూ వాడే మనిషికి కూడా 15వ రోజు లాగిన్ పోవడానికి ఇదే కారణం. సెషన్_సేవ్_ఎవ్రీ_రిక్వెస్ట్‌ను ట్రూ చేస్తే వాడినప్పుడల్లా గడువు జరుగుతుంది, కాకపోతే ప్రతి రిక్వెస్టుకూ డేటాబేస్‌లో ఒక రాత పడుతుంది.

ప్రశ్న: సొంతంగా రాసుకున్న సెషన్ టేబుల్ మాది. కొత్త క్లౌడ్ సర్వర్‌కి మారాక లాగిన్ అయిన మరుక్షణమే గడువు తీరిందంటోంది. కోడ్ ఏమీ మార్చలేదు.
– పాఠకుడు, తిరుపతి

జవాబు: డేటాబేస్‌లో చివరి టైము ఎంత పడిందో, గోడ గడియారం ఎంత చూపిస్తోందో పోల్చండి. తేడా సరిగ్గా ఐదున్నర గంటలు ఉండి ఉంటుంది. క్లౌడ్ డేటాబేస్ మామూలుగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక టైములో) ఉంటుంది, మీ కోడ్ ఆసియా/కోల్‌కతా టైములో ఉంది. ఉదయం 10 గంటలకు లాగిన్ అయితే డేటాబేస్ 4:30 అని రాస్తుంది. కోడ్ దాన్ని మన టైమే అనుకుని ‘ఐదున్నర గంటలుగా కనిపించలేదు’ అని తేలుస్తుంది. తిరగబడి ఉంటే, అంటే కోడ్ మన టైము రాసి ఊడ్చే జాబ్ యూటీసీతో పోలిస్తే, గడువు తీరిన సెషన్లు ఐదున్నర గంటలు అదనంగా బతుకుతాయి. ఆ తప్పును ఎవరూ ఫిర్యాదు చేయరు కాబట్టి అది ఇంకా ప్రమాదం. టైమును 1970 నుంచి లెక్కించే సెకన్ల అంకెగా దాచుకోండి, టైమ్‌జోన్ గొడవే ఉండదు. సర్వర్లు ఒకటికంటే ఎక్కువ ఉంటే అన్నిట్లోనూ గడియారాలను సరిచేసే క్రోనీ నడవాలి.

ప్రశ్న: సెషన్లన్నీ రెడిస్‌కి మార్చాం. ఇక గడువు సంగతి మేం మర్చిపోవచ్చా? మెమరీ మాత్రం నెలనెలా పెరుగుతోంది.
– స్టార్టప్ టీమ్, విజయవాడ

జవాబు: ఇన్ఫో కీస్పేస్ కొట్టండి. అందులో కీస్ అని ఒక అంకె, ఎక్స్‌పైర్స్ అని ఇంకో అంకె వస్తాయి. రెండింటి తేడా ఎంతో అన్ని కీలకు ఆయుష్షు రాసిలేదన్నమాట. అవి ఎప్పటికీ పోవు. మిగిలిన ఆయుష్షు అడిగే టీటీఎల్ కొడితే అలాంటివి -1 చూపిస్తాయి. -2 అంటే కీ లేనే లేదని.

ఎక్కువగా జరిగే పొరపాటు, మొదట గడువుతో సెట్ చేసి, తర్వాత డేటా మార్చేటప్పుడు గడువు చెప్పకుండా సెట్ చేయడం. ఉత్త సెట్ పాత గడువును చెరిపేస్తుంది. ప్రతిసారీ ఈఎక్స్‌తో గడువు ఇవ్వండి, లేదా వెర్షన్ 6 నుంచి ఉన్న కీప్‌టీటీఎల్ వాడండి. ఇప్పటికే పడి ఉన్నవాటిని వెతకడానికి కీస్ కమాండ్ కొట్టొద్దు, పూర్తయ్యేదాకా రెడిస్‌ను ఆపేస్తుంది. స్కాన్‌తో కొన్ని కొన్ని తెచ్చి, -1 ఉన్న సెషన్ కీలకు ఎక్స్‌పైర్ పెట్టండి.

గడువు తీరిన కీ ఎవరికీ కనపడదన్న మాట నిజం. కానీ మెమరీలోంచి ఆ క్షణమే పోదు. ఎవరైనా అడిగినప్పుడు, లేదా తెరవెనక కొన్ని కీలను యాదృచ్ఛికంగా తీసి చూసేటప్పుడు పోతుంది. ‘ఈ సెషన్ గడువు తీరింది’ అనే నోటిఫికేషన్ కూడా కీ నిజంగా తుడిచినప్పుడే వస్తుంది. ఆ నోటిఫికేషన్ నమ్ముకుని సీటు వదిలేయడం, స్టాక్ తిరిగి చేర్చడం లాంటి పనులు కట్టకండి.

మెమరీ నిండినప్పుడు ఏం చేయాలో మ్యాక్స్‌మెమరీ-పాలసీ చెబుతుంది. నోఎవిక్షన్ (ఏదీ తీయకు) ఉంటే కొత్త రాతలు ఆగిపోయి లాగిన్లు ఫెయిలవుతాయి. ఆల్‌కీస్-ఎల్ఆర్‌యూ (చాలాసేపు వాడనివి తీసేయి) ఉంటే గడువు తీరనివి కూడా పోవచ్చు. పేజీ క్యాష్‌కి ఒక రెడిస్, సెషన్లకు ఒక రెడిస్ విడిగా నడపండి.

ప్రశ్న: అసలు ఎన్ని నిమిషాలు పెట్టాలి? మాది దరఖాస్తులు తీసుకునే సైట్. ఫారం నింపేలోపే సెషన్ పోతోందని జనం తిడుతున్నారు. పెంచితే నెట్ సెంటర్లలో ఒకరి లాగిన్ ఇంకొకరికి దొరుకుతోంది.
– ప్రాజెక్ట్ మేనేజర్, కర్నూలు

జవాబు: రెండు ఫిర్యాదులూ న్యాయమైనవే. ఒక్క అంకెతో రెండూ తీరవు. వెబ్ భద్రత మీద పనిచేసే ఓడబ్ల్యూఏఎస్‌పీ సంస్థ మార్గదర్శకాలు ముప్పు ఎక్కువున్న సైట్లకు 2 నుంచి 5 నిమిషాలు, తక్కువున్నవాటికి 15 నుంచి 30 నిమిషాల ఖాళీ గడువు (వాడకుండా వదిలేస్తే లాగిన్ పోయే సమయం) అంటాయి. కార్డు చెల్లింపుల పీసీఐ డీఎస్ఎస్ ప్రమాణం తన పరిధిలోని సిస్టమ్‌లలో 15 నిమిషాలు ఖాళీగా ఉన్నవాళ్లను మళ్లీ లాగిన్ చేయించమంటుంది. మీకు 15 నిమిషాలు పెట్టమంటాం. దానికి తోడు, వాడుతూనే ఉన్నా 8 గంటలకు మించకుండా ఒక మొత్తం గడువు పెట్టండి. కుకీ ఎత్తుకెళ్లినవాడు గడువు జరుపుకుంటూ పోకుండా ఆపేది ఈ రెండోదే.

ఫారం పోకుండా ఉండడానికి చిత్తుప్రతిని సర్వర్‌లో దాచండి. సెషన్‌లో కాదు, దరఖాస్తుదారు ఖాతా కింద, టేబుల్‌లో. ప్రతి పేజీకీ, నిమిషానికోసారీ దాచితే సెషన్ పోయినా మళ్లీ లాగిన్ అయి వదిలిన చోటి నుంచి నింపుకుంటారు. బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో దాచకండి, నెట్ సెంటర్‌లో ఆ ఆధార్ నంబరూ చిరునామా తర్వాత కూర్చున్నవాళ్లకు దొరుకుతాయి. గడువుకు రెండు నిమిషాల ముందు ‘ఇంకా ఉన్నారా’ అని అడగండి. వెబ్ అందుబాటు ప్రమాణం డబ్ల్యూసీఏజీ ప్రకారం కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, ఒక్క నొక్కుతో పొడిగించుకునే వీలుండాలి, కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి. మెల్లగా టైపు చేసే పెద్దవాళ్లకూ, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకూ ఇది చాలా పెద్ద సాయం.

నెట్ సెంటర్ సంగతి. బ్రౌజర్ మూస్తే లాగిన్ పోతుందని జనం అనుకుంటారు. సర్వర్‌లో సెషన్ అలాగే ఉంటుంది. క్రోమ్‌లో ‘వదిలిన చోటి నుంచి కొనసాగించు’ అనే సెట్టింగ్ ఉంటే కుకీ కూడా తిరిగొస్తుంది. అందుకే లాగౌట్ బటన్‌ను ప్రతి పేజీలో పైన, తెలుగులో, పెద్దగా పెట్టండి. అది నొక్కగానే ముందు సర్వర్‌లోని సెషన్ తుడవండి, తర్వాత కుకీని చెరపండి. కుకీ ఒక్కటే చెరిపితే ఆ నంబరు రాసిపెట్టుకున్నవారికి తలుపు తెరిచే ఉంటుంది. లాగిన్ తర్వాతి పేజీలన్నిటికీ క్యాష్-కంట్రోల్ నో-స్టోర్ (పేజీని దాచుకోవద్దని బ్రౌజర్‌కి చెప్పే హెడర్) పంపండి. లేకపోతే లాగౌట్ అయ్యాక కూడా వెనక్కి బటన్ నొక్కితే నింపిన ఫారం తెరమీద కనిపిస్తుంది.